అడిగే మనిషి, చూసే మనిషి

కరీంనగర్,
14 నవంబర్ 1982

ఏమే రిబ్కా,

మొన్న నీ సంతకం చూసి కోర్టు గదిలోనే పెద్దగా నవ్వాను. ఎదురుగా ఉన్న క్లర్కు పరేషానయ్యాడు పాపం. నేను ఇక్కడ మేజిస్ట్రేటుగా చేరినప్పటి నుంచి ఆయన నా నవ్వు చూసి ఎరగడు. ఆదిలాబాద్ నుంచి ఎప్పుడో వచ్చిన నివేదిక అది. అడుగున ‘రిబ్కమ్మ, ప్రొబేషన్ అధికారి’ అని ఉంది. పేరు చివర, హాస్టల్ గోడల మీద కూడా గీసేదానివే, ఆ మెలిక ఉంది. ఇంక వేరే రుజువు ఎందుకు? పదేళ్ళు అయింది మనం కలిసి. పక్క జిల్లాలోనే ఉండి ఒక్క కార్డు ముక్క రాయలేదు నువ్వు. నేనూ రాయలేదనుకో. తిట్లు సగం సగం పంచుకుందాం.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో ఏడాది చదువు పోయి, ఆ మరుసటి ఏడు యూనివర్సిటీలో చేరాం గుర్తుందా? నేను లా, నువ్వు సంఘసేవ. మామూలుగా అయితే ఒకరి ముఖం ఒకరం చూసేవాళ్ళం కాదు. బాలకిషన్‌రావు సారు రెండు క్లాసుల వాళ్ళనూ జతలు కట్టి శనివారం శనివారం బస్తీలకూ జైలుకూ తోలబట్టి ఈ స్నేహం. ‘ఒకరు అడగాలె, ఇంకొకరు చూడాలె. అడిగేటోళ్ళకు తర్వాతి ప్రశ్న మీదనే మనసుంటది, ఎదుటి మనిషి కనబడడు’ అనేవారు. నేను అడిగేదాన్ని. నువ్వు మూల నిలబడి ఇల్లూ వాకిలీ, పొయ్యీ, మనిషి చేతులూ అన్నీ చూసేదానివి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కన కూర్చుని నేను విన్నది నీకు, నువ్వు చూసింది నాకు చెప్పుకునేదాకా కాగితం మీద కలం పెట్టొద్దని సారు ఆజ్ఞ.

ఇప్పుడు రోజంతా అడుగుతూనే ఉన్నాను రిబ్కా. చూసే మనిషే లేదు. వెంటనే రాయి.

నీ
సరళ

*

ఆదిలాబాద్,
22 నవంబర్ 1982

దొరసానీ,

మేజిస్ట్రేటమ్మను ఏమని పిలవాలో తెలియక పాత పేరే పెట్టాను. కోపమొస్తే జైల్లో వేయించు, నిన్ను చూసినట్టూ ఉంటుంది.

ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. బాపు పోయాడు. బొగ్గు బాయిలో చేసినన్నాళ్ళూ పట్టిన దగ్గు రిటైరయినా ఆయన్ని వదలలేదు. అవ్వ కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి బెల్లంపల్లిలోనే మా తమ్ముడు తోమాసు దగ్గర ఉంటున్నది. నేను పెండ్లి చేసుకోలేదు. ‘ఎందుకు చేసుకోలే’ అని నువ్వు అడగకముందే చెబుతున్నాను, నాకు తీరలేదు. జైలుకు పంపకుండా మంచి నడవడి మీద వదిలేసిన వాళ్ళను కనిపెట్టుకుని ఉండడం నా కొలువు. ఉట్నూరు, బోథ్, నిర్మల్ అన్నీ తిరుగుతాను. బస్సు పోని చోటికి ఎడ్లబండి, బండి పోని చోటికి కాళ్ళు. ఊళ్ళోకి పోగానే ‘టీకాలమ్మ వచ్చింది’ అని పిల్లలు ఉరుకుతారు.

నీ సంగతి పేపర్లో చూశాను, ఆడవాళ్ళలో ఫలానా ఆమె మేజిస్ట్రేటు అయిందని. రాయాలనుకున్నాను. నువ్వు పరీక్షలయ్యీ కాకముందే మీ బాబాయి కారులో పెండ్లికని వెళ్ళినదానివి, ఆ తర్వాత ఒక్క మాట లేదు. పెద్దింటి మనిషి మరిచిందిలే అనుకున్నాను. నా మీద కూడా సగం తిట్లు ఉన్నాయి, ఒప్పుకుంటాను.

నీ కోర్టుకు వచ్చే వాళ్ళలో మా జిల్లా వాళ్ళు ఉంటారు కదా. ఒక్క కేసు నాకు పంపు సరళా. మళ్ళీ ఒక్కసారి శనివారం చేద్దాం.

నీ
రిబ్కా

*

కరీంనగర్,
19 డిసెంబర్ 1982

రిబ్కా,

నీ నోటి మాట ఫలించింది. యాదవ్వ అనే పిల్ల, పంతొమ్మిదేళ్ళు, మీ బోథ్ దగ్గరి ఊరు. ఇక్కడ ఒక కాంట్రాక్టరు ఇంట్లో పనికి ఉండి వెండి గిన్నె దొంగిలించిందని కేసు. నేరం ఒప్పుకుంది. ఇరవై ఒక్కటి నిండని వాళ్ళను జైలుకు పంపే ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక చూడాలని చట్టం. ఆ పిల్ల ఇల్లూ వాకిలీ చూసి నివేదిక పంపమని నీ ఆఫీసుకు కాగితం పంపించాను, దస్తూరుగా.

ఇప్పుడు ఒక కఠినమైన మాట. తీర్పు అయ్యేదాకా ఈ కేసు గురించి నువ్వు నాకు ఒక్క అక్షరం రాయవద్దు. నేనూ రాయను. ఇక్కడి వకీళ్ళ బారులో అసలే నా మీద కళ్ళు ఎక్కువ. ఆడమనిషి, పైగా మెత్తనిది అని పేరు పెట్టారు. మేజిస్ట్రేటూ అధికారిణీ ఒకే హాస్టల్ గదిలో ఉన్న స్నేహితురాండ్రని తెలిస్తే ఆ పిల్లకే నష్టం. నీకు చెప్పాల్సింది నివేదికలో చెప్పు. నేను చెప్పాల్సింది తీర్పులో చెబుతాను.

సారు వింటే కోప్పడతారు, నాకు తెలుసు. కానీ సారుకు బారు రూములో కూర్చునే పని పడలేదు.

చలి జాగ్రత్త. బస్తీల చలికే నా వేళ్ళు వంకర్లు పోయిన శనివారాలు నేను మరవలేదు.

సరళ

*

ఆదిలాబాద్,
16 జనవరి 1983

దొరసానీ,

తమరి హుకుం ప్రకారం ఆ సంగతి తప్ప మిగతావన్నీ రాస్తున్నాను. చలి ఉంది. జొన్న కోతలు అవుతున్నాయి. అవ్వ క్రిస్మస్‌కు నాకు అల్లిన స్వెట్టర్‌కు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అయినా అదే వేసుకుని తిరుగుతున్నాను.

పంపవలసింది పంపాను. నాలుక కొరుక్కుని కూర్చున్నాను. ఇంత చూసి ఎవరికీ చెప్పకుండా ఉండడం నాకు చదువుకున్నప్పటి నుంచీ అలవాటు లేదు. బస్సులో పక్క సీటు వైపు తిరిగి, అక్కడ ఎవరో ముసలాయన చుట్ట కాలుస్తుంటే మళ్ళీ కిటికీ వైపు తిరిగాను.

రిబ్కా

*

కరీంనగర్,
9 ఫిబ్రవరి 1983

రిబ్కా, నా బంగారూ,

మొన్న శుక్రవారం తీర్పు చెప్పాను! ఏడాది పాటు నీ కనుసన్నల్లో, తల్లి కొమురవ్వ ఇంట్లో ఉండాలి. జైలు లేదు. ఇప్పటికి నీతో మాట్లాడే స్వేచ్ఛ వచ్చింది. నోరు ఊరుకోవడం లేదు.

నీ నివేదిక చదువుతుంటే నువ్వు బస్సులో పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. అలికి ముగ్గు పెట్టిన వాకిలి, కొత్తగా సున్నం కొట్టిన గోడలు, వాటి అంచుకు ఎర్ర జాజు పట్టీలు, బిడ్డ పేరెత్తగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన తల్లి. ఇంత ప్రేమ ఉన్న ఇంటికి కాక ఇంకెక్కడికి పంపుతానే ఆ పిల్లను? ప్రాసిక్యూషన్ ఆయన గునిశాడు. నేను వినలేదు.

ఒకటి చెప్పనా? అది మామూలు దొంగ కాదు. గిన్నె మూటలో పైపైన పెట్టి, ఆ ఇంటి అరుగు మీదనే కూర్చుందట. ఇంటావిడ వచ్చి చూసేదాకా కదలలేదు. పారిపోని దొంగను నేను ఇదే చూడడం. కోర్టులో ‘తీసినవా’ అంటే ‘తీసిన’ అంది. ‘ఇంకేమన్నా చెప్పుకుంటవా’ అంటే తలెత్తి ‘జైలుకే తోలుండ్రి దొరసాని, ఎన్నొద్దులైనా ఉంట’ అంది. ఎంత పశ్చాత్తాపం! చదువు లేని పిల్ల తన తప్పుకు తనే శిక్ష అడుగుతున్నది. ఆ మాట విన్నాకే ఎట్లాగయినా ఇంటికి పంపాలని గట్టిగా అనుకున్నాను.

సారుకు కార్డు రాశాను, ‘మీ పాత జత మళ్ళీ పనిచేసింది’ అని. ఆయనకు చూపు తగ్గిందట, ఎవరి చేతనో చదివించుకుంటారు.

నీ
సరళ

*

ఆదిలాబాద్,
9 ఫిబ్రవరి 1983

సరళా,

నీ తీర్పు కాపీ అందింది. దొరసాని అనను ఇవాళ, ముద్దొస్తున్నావు. నిన్న నేనే స్వయంగా యాదవ్వను దాని ఇంట్లో దిగబెట్టి వచ్చాను. కానిస్టేబుల్ బోథ్ దాకా తెచ్చి అప్పగించాడు. అక్కడి నుంచి మేమిద్దరం నడిచాం.

దారి పొడుగునా అది ఒక్క మాట ఆడలేదు. నేనూ ఆడించలేదు. నీకు తెలుసు కదా, ప్రశ్నలు నా చేతిలో లేవు. పక్కన నడిచే మనిషి కాళ్ళు చూస్తూ నడవడమే నాకు వచ్చు. ఊరు దగ్గరైన కొద్దీ దాని నడక మెల్లనైంది. జైలు నుంచి వచ్చిన పిల్ల, నలుగురూ చూస్తారని సిగ్గు పడుతున్నది అనుకున్నాను.

ఇంటి ముందు నాలుగు పచ్చి గుంజలు గోడకు ఆనించి ఉన్నాయి. పక్కన నేరేడు కొమ్మల మోపు, ఆకు వాడలేదు. గొడ్ల కొట్టం కప్పుతారేమో. యాదవ్వ ఆ గుంజల దగ్గర ఆగిపోయింది. ఒక గుంజ మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడింది. నేను భుజం మీద చెయ్యి వేసి, ‘నీ ఇల్లే కద బిడ్డా, సిగ్గెందుకు’ అని లోపలికి తీసుకుపోయాను. తల్లి వచ్చి చుట్టుకుంది. ‘నా బిడ్డె నాకు దొరికిందమ్మా. నీ కడుపు సల్లగుండ’ అని నా కాళ్ళ మీద పడబోయింది. గంగయ్య అని ఒకాయన, చచ్చిపోయిన పెద్ద బిడ్డ మొగుడట, నాకు మంచం వాల్చి చాయ తెప్పించాడు. బాగా మర్యాద గల మనిషి.

తిరిగొస్తూ బస్సులో ఏడ్చాను, సంతోషంతో. పదేళ్ళ కొలువులో ఇట్లా మనసు నిండిన రోజు లేదు.

నీ
రిబ్కా

*

కరీంనగర్,
14 ఫిబ్రవరి 1983

రిబ్కా,

టెలిగ్రాం ఇచ్చాను, ‘యాదవ్వను వెంటనే చూడు’ అని. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆ గుంజలు గొడ్ల కొట్టానికి కాదు. కొట్టాన్ని చొప్పతో కప్పుతారు. పచ్చి నేరేడు కొమ్మలతో కప్పేది పెండ్లి పందిరి. సున్నం, జాజు పట్టీలు కూడా అందుకే. మా ఊళ్ళో పెండ్లయిన ప్రతి ఇంటి ముందూ చూసినదాన్ని నేను. నువ్వు కంపెనీ క్వార్టర్లలో పెరిగావు, మీ పెండ్లిళ్ళు చర్చిలో అవుతాయి, నీకు తెలియకపోవడంలో వింత లేదు. నీ నివేదికలో సున్నం గురించి చదివి కూడా నాకు తోచలేదే!

‘జైలుకే తోలుండ్రి’ అన్నది ఎందుకో నీకు అర్థమైందా? ఆ పిల్లను ‘దొంగతనం చేసినవా’ అని అడిగాను. ‘ఇంటికి పోతవా’ అని అడగలేదు. నువ్వు అడిగి ఉంటావనుకున్నాను.

పో. ఈ ఉత్తరం చదవడం అయ్యాక ఒక్క నిమిషం ఆగకు. పెండ్లి కాకుంటే దాన్ని నీ వెంట తీసుకురా. మిగతాది నేను చూసుకుంటాను.

సరళ

*

ఆదిలాబాద్,
20 ఫిబ్రవరి 1983

సరళా,

టెలిగ్రాం అందిన రోజే పోయాను. నేను పోయేసరికి పందిరి ఆకు ఎండిపోయి ఉంది. మాఘమాసం ముహూర్తాలు అయిపోవచ్చాయని, దాన్ని దిగబెట్టిన రెండో నాడే చేసేశారు. గంగయ్యకు ఇచ్చి.

తల్లి నన్ను చూసి కొత్త చీర తెచ్చి పెట్టబోయింది, ‘మీ అసుంటి అమ్మ పున్నెంతోనే నా బిడ్డె పెండ్లయింది’ అని. పెద్ద బిడ్డకు ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు. ‘వాండ్లకు పరాయిది రావద్దని గంగయ్యకు గీ పిల్లనే చేసినం’ అంది. తప్పు చేసినట్టు ఆమె ముఖంలో ఎక్కడా లేదు.

యాదవ్వను నీళ్ళ బిందెతో బావి దగ్గర పట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నేనే ప్రశ్న అడిగాను సరళా. ఏం జరిగిందే అన్నాను. చెప్పింది. అక్క ఆ ఇంట్లోనే దెబ్బలు తిని తిని పోయిందట. తనను అదే మనిషికి ఇస్తామంటే కరీంనగర్ పారిపోయి పనికి కుదిరింది. తల్లీ గంగయ్యా వెతుక్కుంటూ వచ్చి, పొద్దున్నే తీసుకుపోతామన్నారు. ఆ పొద్దునే గిన్నె తీసి మూటలో పెట్టుకుని కూర్చుంది. ‘పోలీసులు తీస్కపోతే వీండ్లు తీస్కపోరు గదా అనుకున్న’ అంది.

‘మరి నాకెందుకు చెప్పలే? అంత దూరం కలిసి నడిస్తిమి గదా’ అన్నాను.

‘జైలుకు తోలుమని పెద్ద దొరసానికే చెప్పిన గదమ్మా. గంతకన్న ఎట్ల చెప్పాలె? మీరు ఆమె మనుషులే గదా, తెల్సనుకున్న.’

బెల్లంపల్లిలో మా అవ్వ దగ్గరికి వస్తావా అని అడిగాను. బిందె నెత్తికెత్తుకుని, ‘గిప్పుడా?’ అంది. వెళ్ళిపోయింది.

ఆ పిల్ల జైలు కావాలన్నదన్న ముక్క నాకు ముందే తెలిస్తే ఆ గడప దాటించేదాన్నా? నువ్వు నా నోరు కట్టేశావు. బారు రూము కోసం కట్టేశావు. నీ పేరు బాగానే ఉంది ఇప్పుడు.

రిబ్కా

*

కరీంనగర్,
3 మార్చి 1983

కుమారి రిబ్కమ్మ గారికి,

నా పేరు గురించి ఫికర్ చేసినందుకు సంతోషం. నేను నోరు కట్టేశాను, నిజమే. కళ్ళు కట్టేయలేదు. ఒక ఆడపిల్ల తన ఇంటి ముందు గుంజ పట్టుకుని కదలకుండా నిలబడితే, దాని భుజం మీద చెయ్యి వేసి లోపలికి తోసింది నేను కాదు.

నీకు అది అలవాటే. చివరి పేపరు ఇంకా ఉండగానే మా బాబాయి కారు హాస్టల్ గేటు ముందు ఆగింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను, లేవలేదు. నా పెట్టె ఎవరు సర్దారు? నా పుస్తకాలు, చీరలు, ఆఖరికి తడి తువ్వాల కూడా మడిచి పెట్టావు. ‘పెండ్లి నీకు ఇష్టమేనా’ అని ఒక్క మాట అడుగుతావేమోనని నేను చూశాను. నువ్వు పెట్టె మూత బిగించి తాళం చెవి నా చేతిలో పెట్టావు. మా ఆయన మంచివాడే. చదువు పూర్తి చేయించాడు, కొలువు చేయనిచ్చాడు. అది వేరే సంగతి. ఎవరూ అడగలేదు, అంతే. బహుశా అందుకే ఆ పిల్లను అడగాలని నాకూ తట్టలేదు. ఆడపిల్లను ఇంటికి పంపేటప్పుడు అడుగుతారని నాకు తెలిస్తే కదా!

ఇక నుంచి ఆఫీసు కాగితాలు ఆఫీసు దారిన నడిస్తే మంచిది.

సరళాదేవి

*

ఆదిలాబాద్,
10 జూలై 1983

సరళా,

ఇన్ని నెలలు ఆగాను. కోపం పోయాక రాయాలనుకున్నాను. పోయేట్టు లేదు, ఉండగానే రాస్తున్నాను.

నీ పెట్టె సర్దేటప్పుడు నీ ముఖం చూశాను. నీకు ఇష్టం లేదని నాకు తెలిసింది. తెలిసి, ఏం చేయాలో తెలియక, తువ్వాల మడిచాను. బొగ్గు బాయి కూలీ బిడ్డను, కారులో వచ్చిన దొర ముందు నోరు తెరిచి ఏమడగాలి? చూడడమే నా వంతు అనుకుని బతికాను. నీ వంతు నువ్వే అడుక్కుంటావని అనుకున్నాను. నన్ను క్షమించమని అనను, అట్లాంటి మాటలు మన మధ్య నాటకంలా ఉంటాయి.

యాదవ్వను నెలనెలా చూస్తున్నాను. తీర్పులో నెలకోసారి అన్నావు, నేను వీలైతే రెండుసార్లు పోతున్నాను. అక్క పిల్లలిద్దరూ దాని కొంగు వదలరు. నేను పోగానే మంచం వాల్చి మంచినీళ్ళు ఇస్తుంది. బాగున్నావా అంటే బాగున్న అంటుంది. గంగయ్య వాకిట్లోనే కూర్చుని ఉంటాడు, నేను లేచేదాకా కదలడు. అయినా ఒక బయటి మనిషి రాకపోకలు ఉన్నాయంటే వాడికి కొంచెం జంకు ఉంటుంది కదా అని నా ఆశ. నేను ఆ పిల్లకు చేయగలిగింది ఇదొక్కటే మిగిలింది. ముందు రోజు నుంచే నిద్ర పట్టదు, అయినా బస్సెక్కుతాను. వాన పడినా మానడం లేదు.

నీకు కోపం తగ్గకపోయినా ఫరవాలేదు. ఒక ముక్క రాయి.

రిబ్కా

*

కరీంనగర్,
25 సెప్టెంబర్ 1983

రిబ్కా,

నీ ఉత్తరం వచ్చిన నాటి నుంచి రోజూ జవాబు రాస్తూనే ఉన్నాను, చింపుతూనే ఉన్నాను. ఇవాళ రాసేది చింపడానికి వీల్లేదు.

యాదవ్వ నా కోర్టుకు వచ్చింది. వాళ్ళ ఇంటి వాళ్ళందరూ వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించి తిరిగి పోతున్నారట. బస్టాండులో గాజులు వేయించుకుంటానని చెప్పి, దారి అడుగుతూ కోర్టు దాకా వచ్చింది. భోజనాల వేళ. నేను నా గదిలోకి పిలిపించాను. క్లర్కును బయటికి పంపి, కుర్చీలోంచి లేచి దాని దగ్గరగా నిలబడ్డాను. బల్ల అడ్డం లేకుండా నేను ఒక ముద్దాయిని చూడడం అదే మొదటిసారి. మోచేతి పైన కమిలి ఉంది. కడుపు కొంచెం కనబడుతున్నది.

‘ఇంటికి పోవుడు నీకు ఇష్టమేనా?’ అన్నాను. ఏడు నెలలుగా నాలో నేను అడుక్కుంటున్న మాట అది.

అది నా వైపు జాలిగా చూసింది రిబ్కా. ‘గప్పుడు అడుగకపోతిరి దొరసాని. గిప్పుడు నేనొక్కదాన్ని గాదు గదా. అక్క పోరగాండ్లు ఇద్దరు, గీ కడుపుల ఒకలు. ఏడికి పోవాలె?’

మరి ఎందుకొచ్చినవు బిడ్డా అంటే చెప్పింది. ఆ మాట నీకు ఎట్లా రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ‘గా అమ్మను ఇగ రావద్దనుండ్రి. మంచి అమ్మనే. గామె వచ్చి పోయిన దినం గాయన ఊకుంటలేడు. ఏం జెప్పినవే, గామెకు ఏం జెప్పినవే అని కొడ్తుండు. ఏం జెప్పలే అన్నా ఇంటలేడు. గామె రాకుంటే కైకిలి పనికి పోయి వచ్చి పంటడు, గంతే.’

కొడుతున్నాడని నువ్వే చెప్పు, వాణ్ణి పోలీసులకు అప్పగిస్తాను అన్నాను. గంగయ్యను తీసుకుపోతే పోరగాండ్లకు తిండి ఎవరు పెడతారని అడిగింది. బస్సు పోతదని తొందర పడింది. గాజులు లేకుండా పోతే మళ్ళీ తంటా అని నా చేతి గాజులు తీసి దానికి తొడిగాను. వద్దనలేదు.

చట్టం ప్రకారం ఏడాది నిండకముందే ఆ పర్యవేక్షణ తీసేయాలంటే ప్రొబేషన్ అధికారే దరఖాస్తు పెట్టాలి. అంటే నువ్వు. నడవడి బాగుంది, ఇక కనిపెట్టుకుని ఉండాల్సిన పని లేదు అని నువ్వు రాస్తే నేను సంతకం పెడతాను. రాస్తావా రాయవా అని అడుగుతున్నాను. ఆజ్ఞ కాదు. నువ్వు రాయనంటే ఒప్పుకుంటాను.

జైలు అడిగింది, ఇవ్వలేదు. ఇది అడుగుతున్నది.

ఈసారి కాగితం మీద కలం పెట్టేముందు ఇక్కడికి రా రిబ్కా. బారు వాళ్ళు చూస్తే చూడనీ. ఇద్దరం కలిసి కూర్చుందాం.

నీ
సరళ

*

ఆదిలాబాద్,
28 అక్టోబర్ 1984

సరళా,

పోయినేడు నీ దగ్గర ఉన్న ఆ రెండు రోజులూ, దరఖాస్తు రాస్తుంటే నువ్వు నా పక్కన కూర్చోవడమూ ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉన్నాయి. ‘నడవడి సంతృప్తికరం. ఇక పర్యవేక్షణ అవసరం లేదు.’ నా చేత్తో రాసిన అబద్ధాల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. రాసినందుకు ఇప్పటికీ చేయి బరువుగానే ఉంటుంది. రాయకపోతే ఇంకా బరువుగా ఉండేదని నువ్వంటావు, నిజమే కావచ్చు.

సారు పోయారని నీ కార్డు వల్లే తెలిసింది. మన సంగతి ఆయనకు చెప్పలేదు నువ్వు, నేనూ చెప్పలేదు. మన జత బాగా పనిచేసిందన్న కార్డే ఆయన విన్న చివరి మాట. అదొక దుఃఖం.

నిన్న ఇంకో కేసు పని మీద బోథ్ పోయాను. అంగడి రోజు. పని ముగించుకుని బస్సు కోసం నిలబడి ఉంటే, మిరపకాయల గంపల వరసలో యాదవ్వ కనిపించింది. చంకలో పిల్ల. అక్క బిడ్డ ఒకతి కొంగు పట్టుకుని ఉంది. కొంచెం చిక్కింది. చేతికి నీ గాజులు ఉన్నాయి, ఒకటి విరిగినట్టుంది, ఒక చేతికి తక్కువగా ఉన్నాయి. గంగయ్య అక్కడే ఎక్కడో ఉంటాడని, ఇచ్చిన మాట ప్రకారం నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. చూడడమే కొలువుగా బతికినదాన్ని, చూడకుండా నిలబడడం ఎంత కష్టమైందో నీకు తప్ప ఎవరికి చెబుతాను?

బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టాను. వెనకనుంచి తనే వచ్చింది.

‘అమ్మా, బాగున్నరా?’

‘బాగున్న బిడ్డా.’

గంప పెట్టిన వైపు ఒకసారి చూసుకుని, పిల్లను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుని అడిగింది. ‘ఇంటికే పోతున్నరా?’

‘ఆఁ, ఇంటికే’ అన్నాను.

‘మంచిగ పోయిరండ్రి’ అని వెళ్ళిపోయింది.

ఎంత సులువుగా అడిగిందే సరళా ఆ మాట! బజారులో ఎవరికి ఎవరు ఎదురైనా అడిగే మాట. బస్సు బోథ్ దాటి చాలా దూరం వచ్చేదాకా నా పక్క సీటు ఖాళీగానే ఉంది. చెప్పుకోవడానికి ఎవరూ లేక, తెల్లవారగానే నీకు రాస్తున్నాను.

నీ
రిబ్కా